లైట్ బూత్ ముందు ఊదా అంగీ

అక్టోబర్ 1

ఈ రోజు అంగీ తొడిగాను. ఊదా రంగు అంగీ, నడుముకి తెల్ల తాడు, మెడలో అద్భుతాల ప్రభువైన క్రీస్తు బొమ్మ బిళ్ళ. నెల పొడుగునా ఇదే. ఆయన పండగ నెల అక్టోబర్ వచ్చిందంటే లీమాలో సగం మంది ఊదా రంగులోనే కనబడతారు కాబట్టి వ్యాన్‌లో నన్నెవరూ వింతగా చూడలేదు. పక్క సీటావిడ మాత్రం ఏం మొక్కు తల్లీ అని అడిగింది. కళ్ళు అన్నాను. ఆవిడ తన మోకాలు తట్టి చూపించింది. ఇద్దరం నవ్వుకున్నాం.

రెండేళ్ళ పాటు నా కళ్ళకి టీ డికాక్షన్ పూసినట్టుండేది. తెల్ల కాగితం కూడా పాత కాగితంలా కనబడేది. నాది పత్రికలు అచ్చు వేసే ప్రెస్సులో రంగులు చూసే ఉద్యోగం. యంత్రంలోంచి వచ్చిన షీట్ మీద నేను ఓకే రాసి సంతకం పెడితేనే రన్, అంటే అసలు అచ్చు, మొదలవుతుంది. అలాంటి దాన్ని, పసుపేదో తెలుపేదో తేల్చుకోలేక లోపల్లోపల చచ్చిపోయాను. యంత్రం నడిపే ఎవారిస్తోనే నన్ను గట్టెక్కించాడు. రంగు కొలిచే మీటరులో వచ్చిన అంకెలు పైకి చదివి వినిపించేవాడు, తనకోసం చదువుకుంటున్నట్టు.

మే నెలలో ఒక కంటికి, జూలైలో ఇంకో కంటికి శుక్లాలు తీశారు. ఆపరేషన్ బల్ల మీద మొక్కుకున్నాను. అద్భుతాల ప్రభూ, మళ్ళీ రంగులు చూపించు, అక్టోబర్ నెలంతా నేను మేలుకుని ఉన్నంతసేపూ నీ రంగు నా ఒంటి మీద అందరి కంటా పడేలా కట్టుకుంటాను అని. కట్టు విప్పగానే నర్సు గోళ్ళ రంగు చూశాను. పగడం రంగు. ఆ పిల్ల చేతులు పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను.

మా యజమాని దోన్ అబెలార్దో అంగీ చూసి శిలువ గుర్తు వేసుకున్నాడు. మా అమ్మ కూడా ప్రతి ఏడూ కట్టేది నెలిదా, బాగుంది అన్నాడు. బూడిద రంగు డ్యూటీ కోటు లాకర్‌లో పెట్టేశాను. నవంబర్ దాకా దానికి సెలవు.

అక్టోబర్ 3

బజార్లో మిరపకాయల బుట్ట ముందు నిలబడి ఏడ్చాను. అమ్మే ఆవిడ, ఇంకా కొరకనేలేదు కదమ్మా, అప్పుడే మండిందా అంది.

అక్టోబర్ 7

ఈ రోజు 'సెలోసియా' కవర్. నెలకి రెండుసార్లు వచ్చే పత్రిక. ఈ సంచిక పద్దెనిమిదో తేదీ ప్రభువు ఊరేగింపు కంటే ముందే దుకాణాల్లో ఉండాలి. కవర్ మీద ధూపం పట్టే ముసలావిడ. తల మీద తెల్ల లేసు, చేతిలో వెండి ధూపపాత్ర, పొగ, పేజీ నిండా ఊదా అంగీ.

ఊదా అంటే అచ్చులో ప్రాణం తీసే రంగు. సయాన్ అనే నీలి సిరా రవ్వంత ఎక్కువైతే నీలం, మెజెంటా అనే ఎర్ర సిరా రవ్వంత ఎక్కువైతే వంకాయ వేపుడు. పైగా అక్టోబర్‌లో ఈ ఊళ్ళో ఆ రంగు తెలియని వాళ్ళు లేరు. ఆకాశం నీలం తప్పుగా వేస్తే ఎవరూ అడగరు. దీన్ని తప్పుగా వేస్తే పాలవాడు కూడా అడుగుతాడు.

అందుకే ఈ రోజు కోసం ఎదురుచూశాను. కొత్త కళ్ళతో మొదటి పెద్ద కవర్. లైట్ బూత్‌లో, రంగు సరిచూసే దీపం గూటిలో, షీట్ పరిచి వంగి చూశాను. ఎర్రగా ఉంది. మెజెంటా తగ్గించమన్నాను. మళ్ళీ తీశారు. ఇంకా ఎర్రగానే ఉంది. ఇంకాస్త తగ్గించమన్నాను. ఎవారిస్తో, సిస్టర్, మీటరు ప్రకారం ఇప్పటికే ఉండాల్సినదానికంటే కిందికి పోయాం అన్నాడు. అతను బొమ్మలూ మొక్కులూ ఒప్పుకోని సువార్త చర్చి మనిషి. అందర్నీ బ్రదర్, సిస్టర్ అనే పిలుస్తాడు. మీటరు నువ్వు చూసుకో బ్రదర్, అంగీ నేను చూస్తాను అన్నాను. గర్వంగానే అన్నాను. రెండేళ్ళ తర్వాత ఆ మాట అనగలిగినందుకు సంబరంగా కూడా ఉంది.

మూడోసారి తీసిన షీట్ అచ్చంగా కుదిరింది. సంతకం పెట్టాను. మనసులో ప్రభువుకి దండం పెట్టుకున్నాను.

అక్టోబర్ 9, మధ్యాహ్నం

పత్రిక ఎడిటర్ హిమెనా స్వయంగా వచ్చింది. చేతిలో మేం పంపిన కవర్ షీట్. నన్ను చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకుపోయింది. మబ్బు పట్టిన వెలుతురులో కవర్ పట్టుకుని, సెన్యోరా నెలిదా, ఇదేం రంగో మీరే చెప్పండి అంది.

నీలం. గ్యాస్ బండలు తెచ్చేవాడి చొక్కా రంగు.

మా పాఠకులు ప్రభువుకి ధూపం వేస్తున్నారనుకోరు, సిలిండర్ లీకయిందనుకుంటారు అంది. కోపంగా అనలేదు. అందుకే ఇంకా బాధేసింది. నాకూ నీలంగానే కనబడింది. ఇది నేను సంతకం పెట్టిన షీట్ కాదు అన్నాను. వెనక్కి తిప్పి చూపించింది. నా సంతకం.

అక్టోబర్ 9, సాయంత్రం

అదృష్టం, ఇంకా బైండింగ్ మొదలు కాలేదు. కవర్లన్నీ మళ్ళీ వేయాలి. కాగితం పదిహేనుకి వస్తుందట.

దోన్ అబెలార్దో తలుపు వేసి కూర్చోబెట్టాడు. నిన్ను అనుమానించడం లేదు నెలిదా, నీ కళ్ళనే అనుమానిస్తున్నాను అన్నాడు. ఆ రెంటికీ తేడా ఏమిటో నాకు తెలియలేదు. డాక్టరుకి చూపించుకో, మళ్ళీ ఇలా జరిగితే మాత్రం నవంబర్ నుంచి బైండింగ్ సెక్షన్‌కి మారు, జీతం తగ్గించను అన్నాడు. మంచివాడు. నేను తలూపి బయటికొచ్చి టాయిలెట్‌లో కుళాయి తిప్పి ఏడ్చాను.

జీతం సంగతి కాదు. కాగితం దొంతరలు లెక్కపెట్టడానికా నాకు చూపు తిరిగొచ్చింది?

అక్టోబర్ 10

ఆసుపత్రి. రంగు బిళ్ళలు ముందు పోసి, వరసలో పేర్చమన్నారు. పేర్చాను. డాక్టరమ్మ మళ్ళీ కలిపి మళ్ళీ పేర్చమంది. పేర్చాను. నీ కళ్ళకేం రోగం లేదమ్మా, నావే ఒకసారి చూపించుకోవాలి అంది.

మరి?

ఇంటికొచ్చి ఆలోచించాను. శుక్లాలు తీశాక కొన్నాళ్ళు నీలం ఎక్కువ కనబడుతుందని డాక్టరమ్మే చెప్పింది. సరే, నాకు నీలం ఎక్కువ కనబడితే షీట్ నీలంగా ఉందనాలి. మెజెంటా పెంచమనాలి. నేను తగ్గించమన్నాను. లెక్క కుదరడం లేదు. కళ్ళది కాకపోతే తప్పు ఎక్కడ? బుర్రలోనా? అక్క సొరాయిదాని అడిగితే, నీ బుర్ర పుట్టినప్పట్నించీ అంతే, దాన్ని ఇప్పుడు కొత్తగా అనుమానించకు అంది. నవ్వొచ్చింది. నిద్ర మాత్రం రాలేదు.

అక్టోబర్ 11

పాత కాగితం మీద ట్రయల్ తీశారు. తప్పు సిరాదా, ప్లేటుదా, నాదా తేల్చడానికి. అంకెల ప్రకారం ఎవారిస్తో సరిచేసి, బూత్‌లో షీట్ పరిచాడు. చూశాడు. బాగుంది సిస్టర్, మీరు చూడండి అన్నాడు.

పక్కకెళ్ళి వంగాను. ఎర్రగా ఉంది.

నోటిదాకా వచ్చిన మాట మింగేద్దామనుకున్నాను. బాగుంది అనేస్తే పోయేది. కానీ కనబడనిది కనబడిందని ఎలా చెప్పను? ఎర్రగా ఉంది అన్నాను.

దోన్ అబెలార్దో అదే షీట్ పట్టుకుని బయటికెళ్ళాడు. వెంట వెళ్ళాను. బయట సరిగ్గా ఉంది. అచ్చమైన ఊదా. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.  అంటే నవంబర్ నుంచి బైండింగ్.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. నేను బూత్ దగ్గరికి రాగానే ఎవారిస్తో ఒకసారి షీట్ వైపు చూశాడు. నా వైపు చూశాడు. మళ్ళీ షీట్ వైపు చూశాడు. ఏదో అనబోయి ఆగిపోయాడు. తర్వాత అడిగితే, ఏం లేదు సిస్టర్, దేవుడు మీకు మేలు చేస్తాడు అన్నాడు. ఆ మాట వినగానే ఒళ్ళు మండింది. జాలిపడుతున్నాడనుకున్నాను.

అక్టోబర్ 13

అక్క తురోన్ చేసింది. పొరలు పొరలుగా పేర్చి, తేనె పాకం పోసి, పైన రంగు రంగు చక్కెర గింజలు చల్లే మిఠాయి. అక్టోబర్‌లో ఇది తినకపోతే నెల గడిచినట్టుండదు. నా మొహం చూసి, ముందు తిను, తర్వాత ఏడుద్దువుగాని అని పెద్ద ముక్క నా చేతిలో పెట్టింది. కుర్చీ తగిలి గిన్నెలోని పాకమంతా నా అంగీ మీద పడింది. మెడ నుంచి మోకాళ్ళ దాకా. చక్కెర గింజలు కూడా అంటుకున్నాయి.

అక్క నన్ను చూసి, ఇప్పుడు నువ్వే తురోన్‌లా ఉన్నావు, ఊరేగింపులో నిలబడితే పిల్లలు కొరికేస్తారు అంది. ఎన్నాళ్ళకో కడుపునిండా నవ్వాను. ఆ తర్వాతే గుర్తొచ్చింది. ఉన్నది ఒకటే అంగీ. ఈ ఊరి తేమలో ఒక్కరోజులో ఆరదు.

మొక్కు తప్పుతుందే అన్నాను. ప్రభువుకి బట్టలు ఉతకడం అంటే ఏమిటో తెలియకపోతే వాళ్ళమ్మని అడుగుతాడులే అంది అక్క.

అక్టోబర్ 14, మధ్యాహ్నం

భోజనం వేళ దాటిపోతోంది. అయినా రాయాలి.

పొద్దున తడి అంగీని సంచీలో పెట్టుకుని ప్రెస్సుకి తీసుకెళ్ళాను. షీట్లు ఆరబెట్టే యంత్రం పక్కన వేడిగా ఉంటుంది, అక్కడ ఆరేద్దామని. లాకర్‌లోంచి బూడిద కోటు తీసి వేసుకున్నాను. బట్టలు లేకుండా నడుస్తున్నట్టు అనిపించింది.

బూత్‌లో పాత షీట్ ఉంది. నేను ఏడో తేదీన సంతకం పెట్టింది, హిమెనా వదిలేసి వెళ్ళింది. దీన్ని ఇంకా ఎందుకు ఉంచారు, నన్ను ఏడిపించడానికా అని తీసి అవతల పడేద్దామని వంగాను.

నీలం.

లైట్ అదే, షీట్ అదే, కళ్ళు అవే. ఏడో తేదీన ఎర్రగా కనబడింది, ఇప్పుడు గ్యాసువాడి చొక్కాలా ఉంది. అలాగే నిలబడిపోయాను. చేతిలో సంచీ. సంచీలో అంగీ.

తీశాను. నా గుండెలకి అడ్డంగా పట్టుకుని వంగాను.

షీట్ ఊదా అయింది. కళ్ళముందే, సిగ్గుపడినట్టు. అంగీ దించాను. నీలం. ఎత్తాను. ఊదా. దించాను. ఎత్తాను. ఎవరైనా చూసుంటే ఆసుపత్రికి ఫోన్ చేసేవాళ్ళు.

నా అంగీ మీద పడ్డ వెలుతురే షీట్ మీదికి పోతోంది. నున్నటి కాగితం దాన్ని తాగి నా కళ్ళకి తిరిగి ఇస్తోంది. నేను చూసి మితిమీరిందని తగ్గించమన్న ఎరుపు షీట్‌ది కాదు, నా ఒంటిది. బూత్ గోడలు బూడిద రంగులో ఎందుకుంటాయి? మా కోట్లు బూడిద రంగులో ఎందుకుంటాయి? ఇందుకే. ఈ ఉద్యోగంలో చేరిన రోజు నాకు నేర్పిన మొదటి పాఠం ఇది. నేను ఎందరికో నేర్పాను. ఎర్ర స్వెటర్ వేసుకొచ్చిన కస్టమర్లని బూత్ దగ్గర్నుంచి తరిమాను. కానీ ఈ అంగీని నేను రంగుగా లెక్కే వేయలేదు. మొక్కు అనుకున్నాను. దోన్ అబెలార్దోకీ తట్టలేదు. ప్రెస్సులో అందరం ఈ ఊదా అక్టోబర్ల మధ్య పుట్టి పెరిగినవాళ్ళమే. మాకది బట్టలా కనబడదు.

కళ్ళు బాగున్నాయి. నా కళ్ళు బాగున్నాయి. ప్రభూ, నా కళ్ళు బాగున్నాయి.

అక్టోబర్ 14, సాయంత్రం

దోన్ అబెలార్దోని లాక్కొచ్చి అంగీ ఎత్తి దించి చూపించాను. ఆయన పది నిమిషాలు తనే ఎత్తి దించి ఆడుకున్నాడు. అమ్మా అని ఒక్కసారి అన్నాడు. వాళ్ళమ్మని తలచుకున్నాడో, ఆశ్చర్యపోయాడో తెలియదు. బైండింగ్ మాట మరిచిపో, రేపు కవర్ నువ్వే ఓకే చెయ్యి అన్నాడు.

ఎవారిస్తో మూలన నిలబడి నేల చూస్తున్నాడు. పట్టుకున్నాను. నీకు ముందే తెలుసు కదా అన్నాను. పదకొండో తేదీన మీరు పక్కకి రాగానే షీట్ మారిందండి అన్నాడు. మరి చెప్పి చావొచ్చుగా, నాలుగు రోజులు నా బుర్ర పాడైపోయిందని ఏడ్చాను అన్నాను. మీ మొక్కు బట్ట విప్పమని మా చర్చివాణ్ణి నేను చెబితే ఎలా ఉంటుంది సిస్టర్, వీడికి మన ప్రభువంటే ఇష్టం లేదు, అందుకే వంక పెడుతున్నాడు అనుకోరా, నాలుగుసార్లు మీ లాకర్ దాకా వచ్చి వెనక్కిపోయాను అన్నాడు.

 అనుకునేదాన్నే. నిజంగా అలాగే అనుకునేదాన్ని. ఆ మాటే అతనికి చెప్పాను. మరి తిట్టండి అన్నాడు. తిట్టాను. ఇద్దరికీ తేలికైంది.

కానీ అసలు చిక్కు ఇప్పుడు మొదలైంది. అంగీ ఆరింది. రేపు పొద్దున కవర్. నేను మేలుకుని ఉన్నంతసేపూ అందరి కంటా పడేలా కట్టుకుంటానని మొక్కుకున్నాను. కట్టుకుంటే రంగు చూడలేను. విప్పితే మొక్కు పోతుంది. అంగీ మీద కోటు వేసుకోమని అక్క చెప్పింది. మెడ దగ్గరా చేతుల దగ్గరా ఊదా కనబడుతూనే ఉంటుంది, అంతా కప్పేస్తే ఇక కట్టుకున్నదెందుకు? చూపు ఇచ్చినవాడికి ఇచ్చిన మాట, ఆ చూపుతో చేసే పనికే అడ్డం వచ్చింది. కాదంటే పాపం, అవునంటే మళ్ళీ నీలం కవర్.

ఇంటికొచ్చాక అక్క ఊదా మొక్కజొన్న జావ కాచి ఇచ్చింది. దాని రంగు చూసి గిన్నె పక్కకి జరిపాను.

అక్టోబర్ 15

ఎనిమిదికి కాగితం వచ్చింది. ప్లేట్లు ఎక్కించారు. నేను అంగీలోనే వెళ్ళి బూత్‌కి దూరంగా నిలబడ్డాను. చేతిలో కోటు. ఏ నిర్ణయమూ చేసుకోలేదు.

ఎవారిస్తో వచ్చి, సిస్టర్, మీ ప్రభువు పల్లకిని రోజంతా ఒకే జట్టు మోస్తుందా అని అడిగాడు. లేదు, వంతులవారీగా భుజం మారుస్తారు అన్నాను. భుజం మారినప్పుడు ఊరేగింపు ఆగిపోయినట్టా అన్నాడు. కాదు, అడుగుపడుతూనే ఉంటుంది అన్నాను.

అయితే ఇటివ్వండి అన్నాడు.

నాకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. చేతులు చాచి నిలబడ్డాడు. మీరు షీట్ చూసేంతసేపు నేను మోస్తాను, అందరి కంటా పడాలన్నారుగా, యంత్రం మీద నిలబడితే షాపంతటికీ కనబడతాను అన్నాడు. మీ పాస్టరుకి తెలిస్తే అన్నాను. ఆయనకి నేను చెప్పుకుంటాను, మీరు మెజెంటా సంగతి చూడండి అన్నాడు.

తాడు విప్పాను. అంగీ తీసి ఇచ్చాను. లోపల గౌనుంది, దాని మీద కోటు వేసుకున్నాను. అతను చొక్కా మీదే తొడుక్కున్నాడు. ఎవారిస్తో రెండు బస్తాల మనిషి. చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి, అంచు మోకాళ్ళు దాటలేదు. తాడు కట్టుకోవడం రాలేదు, నేనే కట్టాను. షాపులో ఒక్కడు కూడా నవ్వలేదు. అది గొప్ప సంగతి, ఎందుకంటే మావాళ్ళు శవయాత్రలో కూడా జోకులేస్తారు.

మొదటి షీట్ తీసుకుని అతను బూత్ వైపు రాబోయాడు. దూరం, దూరం, అక్కడే ఆగు అని అరిచాను. అప్పుడు నవ్వారు అందరూ. అతను షీట్ బల్ల మీద పెట్టి, దొంగలా వెనక్కి నడిచి యంత్రం దగ్గరికి పోయాడు. ప్రతిసారీ అదే తంతు.

వంగి చూశాను. నీలం వైపు ఉంది. మెజెంటా పెంచమన్నాను. అంకెలు గట్టిగా చదివాడు, నా కళ్ళు బాగోలేనప్పుడు చదివినట్టే. రెండో షీట్. ధూపం పట్టే ముసలావిడ అంగీ మెల్లగా తన రంగులోకి వచ్చింది. మడతల్లో నీడ, మోచేతి దగ్గర వెలిసిన చోటు, అన్నీ కనబడ్డాయి. సంతకం పెట్టాను.

దోన్ అబెలార్దో షీట్ వీధిలోకి తీసుకెళ్ళి చూసి, లోపలికొచ్చి బొటనవేలు ఎత్తాడు. యంత్రం పూర్తి వేగం అందుకుంది. దాని పైన నిలబడి ఎవారిస్తో ఊదా చేతులతో మీటలు తిప్పుతున్నాడు. రన్ అయ్యేదాకా విప్పలేదు. సంతకం పెట్టేశాను, ఇక ఇచ్చెయ్యి అంటే, వంతు మధ్యలో దింపకూడదు కదా సిస్టర్ అన్నాడు.

ఈ నెలలో ఇంకా చాలా కవర్లున్నాయి అన్నాను. తెలుసు అన్నాడు.

అక్టోబర్ 18

ఊరేగింపు. తకనా అవెన్యూ మూల మీద నేనూ అక్కా. తొక్కిసలాట. ధూపం పొగకి కళ్ళు మండాయి, ఆ మంట కూడా బాగుంది. దుకాణం ముందు తీగకి 'సెలోసియా' వేలాడుతోంది. దాని ముందు నిజం అంగీలు వేలకి వేలు కదులుతున్నాయి. అటు చూశాను, ఇటు చూశాను. తేడా లేదు. ఒక పిల్ల పత్రిక కొని, మా బామ్మ ఇలాగే ఉంటుంది అంది. వాళ్ళమ్మ, మీ బామ్మ ఇంకా కొంచెం కోపంగా ఉంటుంది అంది. రంగు గురించి ఒక్కరూ మాట్లాడలేదు. నా ఉద్యోగంలో అంతకంటే పొగడ్త లేదు.

పల్లకి మా ముందుకొచ్చి ఆగింది. గంట కొట్టారు. ఒక జట్టు భుజం తీసింది, ఇంకో జట్టు భుజం పెట్టింది. మధ్యలో క్షణం ప్రభువు గాల్లో ఉన్నట్టనిపించింది. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, ఆ క్షణాన్ని ఎప్పుడూ గమనించలేదు. ఎవారిస్తో కోసం దండం పెట్టాను. అతనికి చెప్పను. చెబితే అతను నాకోసం పెడతాడు, ఇక అదో పోటీ.

అక్టోబర్ 31

అంగీ ఉతికి ఆరేశాను. ఎడమ చేతి అంచు మీద మెజెంటా వేలిముద్ర, లావుపాటి వేలు. దీపం కింద కనబడదు, కిటికీ దగ్గర కనబడుతుంది. అక్క సబ్బు తెచ్చింది. వద్దన్నాను.